చింతలపేట పార్కుకు మనుషులు కావాలి

పేతురు సైగోను చూసి వచ్చిన మనిషి. ఆ సంగతి చింతలపేటలో తెలియనివాళ్ళు లేరు. ఎవరైనా తెలియనివాళ్ళు మిగిలి ఉంటే, బజార్లో ఆపి మరీ పేతురే చెప్పేవాడు.

పెద్ద యుద్ధం రోజుల్లో మిషను బడిలో తోటమాలి పని వదిలిపెట్టి పటాలంలో చేరాడు. అక్కడ ఆయనకు తుపాకీ ఇవ్వలేదు, పార ఇచ్చారు. ఆ పారతోనే బర్మా బురదంతా ఎత్తిపోసి, యుద్ధం ముగిశాక ఓడెక్కి, వియత్నాం దేశంలో సైగోను అనే మహానగరంలో దిగాడు. అక్కడ ఉన్నది ఐదంటే ఐదు నెలలు. ఆ ఐదు నెలల ముచ్చట పన్నెండేళ్ళుగా చెబుతున్నాడు, ఇంకా ఒడవలేదు.

ఆ ముచ్చటంతా చివరికి ఒక్కచోటికే చేరేది. నగరం నడిబొడ్డున ఉన్న తోట దగ్గరికి.

"తాటిచెట్టుకు రెండింతలుంటయి గా చెట్లు," అనేవాడు. "తెల్లారంగనే ఊరంత ఆడనే ఉంటది. ముసలోళ్ళు పంజరాలల్ల పిట్టల్ని తెచ్చి కొమ్మలకు తగిలిస్తరు. అవి పాడుతుంటె వీళ్ళు చాయ తాగుకుంట కూసుంటరు. ఆడోళ్ళు ఈకల బంతిని కాళ్ళతోని ఎగిరేసి ఆడుతరు. ఒకామె కావడి మీద సేమ్యా పులుసు తెస్తది. గా గల్లీల తుపాకులు పేలుతుంటయి, గీ తోటల పిట్టలు పాడుతుంటయి. ఎవ్వడు రమ్మని పిలువడు. ఊరన్నంక గట్లుండాలె."

ఈ ముచ్చటను అందరికంటే ఓపికగా విన్నవాడు సిద్దిరాములు. ఆయన సాలె మనిషి. పేతురు గుమ్మంలో కూర్చుని సైగోను చెబుతుంటే, సిద్దిరాములు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ ఊఁ కొట్టేవాడు. ఎన్నిసార్లు విన్నా, పులుసు దగ్గరికి రాగానే "అండ్ల కారం ఏస్తరా?" అని కొత్తగా అడిగేవాడు. ఇద్దరూ మిషను బడిలో ఒకే పలక మీద ఓనమాలు దిద్దినవాళ్ళు. స్నేహం అంటే అదే మరి, తెలిసిన సంగతినే మళ్ళీ అడగడం.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, ప్రతి పట్నానికీ ఒక పార్కు ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది. చింతలపేట పట్నమేనా అని ఆ కాగితం అడగలేదు, చింతలపేట కూడా నోరు విప్పలేదు. ఊరి నడుమ రెండు వరుసల చింతతోపు ఉంది. బల్దియావాళ్ళు, అంటే మునిసిపాలిటీవాళ్ళు, దాని చుట్టూ ఇనుప కంచె వేశారు. కంచెకు గేటు పెట్టారు, గేటుకు తాళం పెట్టారు, తాళానికి పేతురును పెట్టారు.

పేతురు ఆనందం చెప్పనలవి కాదు. భార్య రిబ్కమ్మ అన్నం తినమని మూడుసార్లు పిలిస్తే ఒకసారి వచ్చేవాడు. తోపు నేలంతా తిరగదవ్వాడు. పెంట ఎరువు పోశాడు. బావి నుంచి కావడితో నీళ్ళు మోసి, నడుమ బాట వదిలి రెండు పక్కలా గరిక పరిచాడు. కంచె పొడవునా కాగితప్పూల తీగలు ఎక్కించాడు. దసరా నాటికి అది చూడముచ్చటైన పార్కు అయింది.

అయితే ఆ చింతల నీడన తాతల కాలం నుంచీ జరుగుతున్న పని ఒకటుంది. నూలు మగ్గానికి ఎక్కేముందు దానికి గంజి పట్టించాలి. నలభై గజాల పడుగును, అంటే మగ్గానికి నిలువునా ఎక్కే పోగులను, నడుము ఎత్తున బిగించి చాపుతారు. రెండు పక్కలా మనుషులు నిలబడి, కుంచెలతో గంజి దువ్వుతూ ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తారు. తెల్లవారుతుండగా మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించాలి. ఎండ తగిలిందంటే నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. నీడ, పొడవు, తిన్నని నేల, ఈ మూడూ కలిసిన జాగా ఊళ్ళో ఆ తోపు ఒక్కటే.

కంచె వేశాక ఏం జరిగిందో చెప్పాలంటే పేతురు చేసిన పని చెప్పాలి. గేటు పక్కన బోర్డు మీద రాయమని బల్దియావాళ్ళు చెప్పినవి నాలుగు మాటలు. పూలు తెంపరాదు. గడ్డి తొక్కరాదు. ఉమ్మివేయరాదు. పశువులను తోలరాదు. నాలుగూ రాశాక బోర్డు మీద ఇంకా జాగా మిగిలింది. డబ్బాలో రంగు మిగిలింది. గంజి పడితే తన గరిక కుళ్ళిపోతుందన్న బెంగ మనసులో పీకుతూనే ఉంది. ఐదోది ఆయనే సొంతంగా రాశాడు. పడుగులు చాపరాదు.

మర్నాడు సిద్దిరాములు ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒకే పలక మీద దిద్దినవాడికి ఆ చేతిరాత తెలియదా. తిరిగి ఇంటికి పోయాడు. ఆ పొద్దు నుంచీ పేతురుతో మాట్లాడటం మానేశాడు. పేతురు గుమ్మంలోకి వచ్చి కూర్చుంటే మగ్గం చప్పుడు ఇంకాస్త పెంచేవాడు. నాలుగైదు రోజులు చూసి పేతురు కూడా ఆ గుమ్మం ఎక్కడం మానుకున్నాడు.

పార్కు ప్రారంభమైన రోజు ఊరంతా వచ్చింది, బూంది పంచారు కాబట్టి. రెండో రోజు ఎవరూ రాలేదు. మూడో రోజు ఒక మేక వచ్చింది, దాన్ని పేతురే తరిమాడు. వారమైంది, నెలైంది. చింతలపేటలో పార్కుకు పోవడమంటే పనీపాటా లేదని చాటింపు వేసుకోవడమే. అల్లుడు పార్కులో కూర్చున్నాడని తెలిస్తే పిల్లనిచ్చిన మామ బండి కట్టుకుని వచ్చేస్తాడు.

సిద్దిరాములు భార్య చంద్రవ్వ బావి దగ్గర అన్న మాట ఊరంతా తిరిగింది. "తెంపద్దు, తొక్కద్దు, ఉమ్మద్దు. ఇగ లోపటికి పోయి ఏం జేయాలె? ఊపిరి పీల్చుకునుడు ఇంటికాడ గుడ అయితది."

పేతురు చేతులు కట్టుకు కూర్చునే మనిషి కాదు. సైగోనులో ఏముందో అదే ఇక్కడా పెడితే జనం వాళ్ళే వస్తారనుకున్నాడు. రెండు వెదురు పంజరాలు అల్లి, ఒక మైనాను, ఒక జత కౌజుపిట్టలను పెట్టి చింతకొమ్మలకు తగిలించాడు. ఈసారి జనం నిజంగానే వచ్చారు. మైనా దగ్గరికి వచ్చినవాళ్ళు జాతకం చెప్పమని చెయ్యి చాపారు. కౌజుల దగ్గరికి వచ్చినవాళ్ళు జత ఎంతకిస్తావని అడిగారు. పాట వినడానికి పెట్టానంటే, "గీటి కూర మంచిగుంటది గని పాట ఎవడింటడు?" అని నవ్వి పోయారు. మూడో రోజుకు కౌజులు మాయమయ్యాయి. ఆ సాయంత్రం ఎవరింట్లోనో మసాలా ఘుమఘుమలాడింది. మైనాను పేతురే వదిలేశాడు.

ఆ తర్వాత కోడి ఈకలు కట్టి, కింద చిన్న తోలుముక్క కుట్టి, సైగోను ఆడవాళ్ళు తన్నే బంతి తయారుచేశాడు. ఎవరూ లేకుండా ఆట ఎలా మొదలవుతుంది? తనే మొదలుపెట్టాడు. తెల్లవారుజామున మంచులో, నలభై ఐదేళ్ళ మనిషి, ఖాకీ నిక్కరుతో, ఒంటికాలి మీద గెంతుతూ, ఎవరికీ కనిపించని దేన్నో తన్నుతూ కంచె అవతలివాళ్ళకు కనిపించాడు. ఏడు గంటలకల్లా పేతురుకు గాలి సోకిందని ఊరంతా తెలిసింది. చింతచెట్టు దయ్యమే పట్టిందని కొందరు తేల్చేశారు. రిబ్కమ్మ ఏడుస్తూ పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన పేతురు తలమీద చెయ్యి పెట్టి అరగంట ప్రార్థన చేశాడు. పేతురు కూడా కళ్ళు మూసుకుని ప్రార్థించాడు, కనీసం ఈ గుంపులో నలుగురైనా రేపు మళ్ళీ రావాలని. వాళ్ళూ రాలేదు.

మాఘమాసంలో ఒక సోమవారం బల్దియా ప్రెసిడెంటు పర్శరాములు స్వయంగా వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, ఖాళీ పార్కును ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాడు.

"పేతురూ, వచ్చే బేస్తవారం పొద్దుగాల కలెక్టరు సారు వస్తుండు. మనుషులు తిరుగని పార్కులన్ని తీసేసి ఎరువుల గోదాములు కట్టాల్నని హుకుం పట్టుకొని వస్తుండట. గోదాముకు మాలి అక్కరలేదు. నాకైతే ఏం లేదు, నీకే చెప్తున్న."

"చెట్లు గుడ కొడుతరా పటేలా?"

"చెట్టు మీద గోదాము కడుతరా మరి?"

ఆ రాత్రి పేతురు అన్నం ముందు కూర్చుని ఆలోచించాడు. ఉద్యోగం పోతే మిషను కాంపౌండులో గులాబీలున్నాయి, పస్తు ఉండడు. కానీ ఈ తోట పోతే, పన్నెండేళ్ళుగా చెబుతున్న మాటంతా ఉత్త డబ్బా అయిపోతుంది. అదీ కాక, అంత పెద్ద చెట్లు.

మంగళవారం ఇల్లిల్లూ తిరిగాడు. బేస్తవారం పొద్దున ఒక్క గంట వచ్చి కూర్చోండని బతిమాలాడు. "కూసోని ఏం జేయాలె?" అన్నారు అందరూ. ఏమీ చేయనక్కరలేదు, ఊరికే కూర్చోవడమే అన్నాడు. ఊరికే కూర్చోవడమనే మాట వినగానే ఒక్కొక్కరికీ ఒక్కొక్క పని గుర్తుకొచ్చింది. ఆఖరికి సొంత బావమరిది కూడా కోళ్ళను చూసుకోవాలన్నాడు.

బుధవారం తెల్లవారాక మిగిలింది ఒక్క గుమ్మమే. ఏడు నెలలుగా ఎక్కని గుమ్మం.

సాలెవాడ గల్లీ మలుపు తిరిగేసరికి పేతురు ఆగిపోయాడు. గల్లీ కొడవలిలాగా వంకర. ఆ వంకరలో సిద్దిరాములు పడుగు చాపి ఉంది. ఎర్ర నూలు, పెళ్ళి చీరెలకు. మలుపు దగ్గర గోడకు రాచుకోకుండా దాన్ని ఇద్దరు మనుషులు చేతులతో ఎత్తిపట్టుకున్నారు. పది పన్నెండు మంది కుంచెలు పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. ఒకరి మీద ఒకరు చెణుకులు వేసుకుంటున్నారు. ఒక ముసలామె అరుగు మీద కూర్చుని పాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు కొస అందుకుంటున్నారు. ఎవరిదో ఇంటి నుంచి చాయ వచ్చింది. పక్క గల్లీవాళ్ళు ఊరికే నిలబడి చూస్తున్నారు.

పేతురు గోడ వారకు జరిగి చూశాడు. పిలవకుండానే వచ్చినవాళ్ళు. పాట, చాయ, నవ్వులు. సైగోను ముసలివాళ్ళు తోటకు పిట్టల్ని తెచ్చుకున్నారు, ఎందుకంటే వాళ్ళకున్నవి పిట్టలు. వీళ్ళు పడుగులు తెచ్చుకునేవాళ్ళు. తన పలక స్నేహితుడు తాతల నాటి నుంచీ నడుపుకుంటున్న పార్కును తనే కంచె వేసి మూసేసి, అందులోకి మనుషుల కోసం ఇన్నాళ్ళుగా వెతుక్కుంటున్నాడు. గొర్రెను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం. వాడు గొర్రెకు తాళం వేయలేదు.

అంతలో ఎవరిదో బర్రె మలుపు తిరిగింది. హెయ్ హెయ్ అనేలోపే పడుగులోంచి తన దారిన తాను నడిచిపోయింది. నూరు పోగులు తెగాయి. పాట ఆగిపోయింది.

"గిది మూడోసారి," అంది చంద్రవ్వ. కసురుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

పేతురు వెళ్ళి నేలమీద కూర్చుని తెగిన పోగుల కొసలు వెతికి ఇవ్వసాగాడు. ముడి వేయడం ఆయనకు రాదు. కొస దొరికినప్పుడల్లా చంద్రవ్వ చేతికి ఇచ్చాడు, ఆమె ముడి వేసింది. అవతల సిద్దిరాములు తల ఎత్తలేదు.

"వదినె, బోర్డు మీద గా ఐదోది బల్దియోళ్ళు రాయమనలే. నేనే రాసిన," అన్నాడు పేతురు చివరికి.

"ఊరంతకు ఎరుకే," అంది చంద్రవ్వ ముడి వేస్తూనే.

"తప్పయింది."

"గది గుడ ఎరుకే."

"రేపు పడుగు పార్కుల చాపుండ్రి. తాళం తీసి పెడుత."

"మరి నీ గడ్డో?"

"గడ్డిదేమున్నది, మల్ల మొలుస్తది."

సిద్దిరాములు ఒకసారి దగ్గాడు, అంతే. వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు. కలెక్టరు సంగతి, గోదాము సంగతి పేతురు అక్కడ ఎత్తలేదు. ఎత్తితే తప్పు ఒప్పుకున్నది అందుకే అనుకుంటారు. తనకు అవసరం ఉన్నమాట నిజమే, కానీ తప్పు అంతకంటే నిజం.

బేస్తవారం కోడి కూయకముందే పేతురు బోర్డు మీది ఐదో వరుసను కొడవలి మొనతో గీకేశాడు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. తెరిచి, పక్కన నిలబడ్డాడు. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. తూర్పు తెల్లబడింది. ఎవరూ లేరు. చింతాకు మీది మంచు టపటపా రాలుతోంది. ఇక రారనుకుని రెక్క మీద చెయ్యి వేశాడు.

ముందు చంద్రవ్వ గొంతు వినిపించింది, ఆ తర్వాత గంజి కుండతో ఆమె కనిపించింది. ఆమె వెనుక కుంచెలు, వెదురు కర్రలు, పడుగు చుట్ట భుజాన వేసుకుని సాలెవాడ సగం కదిలి వచ్చింది. సిద్దిరాములు గేటు దాటుతూ బోర్డు వైపు చూశాడు. గీకిన చోట తెల్లగా ఉంది. లోపలికి పోయాడు.

నలభై గజాల ఎర్ర పడుగు చింతల వరుసల నడుమ తిన్నగా సాగింది. చూసినవాళ్ళ కళ్ళకు పండుగే. అవతలి కొసను కంచె స్తంభానికి కట్టారు, ఇవతలే చిక్కు వచ్చింది. గేటు వైపు కొసను కట్టిన గుంజ నిలబడటం లేదు. ఏడు నెలలు తవ్వి, ఎరువు పోసి, నీళ్ళు పెట్టిన నేల కదా, గుంజ దిగేసినంత సేపు నిలిచి, బిగువు పడగానే ఊడి వస్తోంది. చేతితో పట్టుకోక తప్పదు. పట్టుకున్నవాడు గంజి ఆరేదాకా వదలకూడదు. వదిలితే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

"కుంచె పట్టుటానికే మంది తక్కువున్నరు, కొస ఎవరు పట్టాలె?" అని చంద్రవ్వ తాడు చేతికి చుట్టుకుని అటూ ఇటూ చూసింది. అప్పుడే గేటు దగ్గర ఎవరో ప్యాంటు వేసుకున్న సన్నని మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, వింతగా చూస్తూ నిలబడ్డాడు. పని లేకుండా నిలబడినవాణ్ణి చూస్తే చంద్రవ్వకు చేతులు ఊరుకోవు.

"ఓ బిడ్డా, ఉత్తగనే ఉన్నవు గద, జర గీ కొస పట్టుకో. గట్టిగ గుంజి పట్టు. నేను చెప్పేదాక ఇడువకు."

ఆయన ఏదో అనబోయాడు. అప్పటికే తాడు చేతిలో ఉంది, చంద్రవ్వ కుంచె పట్టుకుని వెళ్ళిపోయింది.

పేతురు బావి దగ్గర నుంచి నీళ్ళ బిందెతో తిరిగి వచ్చేసరికి గేటు అవతల జీపు ఆగి ఉంది. జీపు పక్కన పర్శరాములు రుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. లోపల కలెక్టరు రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, పడుగు కొస పట్టుకుని, ఎర్రబడిన మొహంతో బిగబట్టి నిలబడ్డాడు.

బిందె పేతురు చేతిలోంచి జారి పగిలేదే, కానీ అది రాగిది.

"సారూ, జర గిటియ్యుండ్రి," అంటూ పర్శరాములు ఉరికివచ్చాడు.

"వదలకూడదని చెప్పిందండీ ఆవిడ," అన్నాడు కలెక్టరు. "మీరూ వచ్చి ఓ చెయ్యి వేయండి. బరువుగానే ఉంది."

ప్రెసిడెంటు కూడా తాడు పట్టుకున్నాడు. సాలెవాడకు విషయం అర్థమయ్యేసరికి కుంచెలన్నీ ఒక్క క్షణం ఆగాయి. కానీ గంజి ఎవరికోసమూ ఆగదు. మళ్ళీ కదిలాయి. ముసలామె పాట ఎత్తుకుంది. రిబ్కమ్మ పరిస్థితి గ్రహించి చాయ తెచ్చింది. కలెక్టరు ఒంటి చేత్తో చాయ తాగాడు, చెట్ల పైకి చూశాడు, పాటలో ఒక మాటకు అర్థం అడిగాడు. పర్శరాములు తెలియదన్నాడు. చంద్రవ్వ చెబితే కలెక్టరు ఫక్కున నవ్వాడు. అది పెళ్ళికొడుకు మేనత్తను తిట్టే పాట.

కంచె చుట్టూ జనం మూగారు. కలెక్టరు పార్కులో తాడు పట్టుకుని నిలబడితే ఏ పని ఉన్నవాడు మాత్రం ఇంటి దగ్గర ఉంటాడు? కోళ్ళను చూసుకోవాల్సిన బావమరిది కూడా వచ్చాడు.

"ప్రెసిడెంటుగారూ, రోజూ వస్తారా వీళ్ళు?" అని అడిగాడు కలెక్టరు.

"రోజు వస్తరు సారూ, వందల మంది," అన్నాడు పర్శరాములు, రెప్ప వాల్చకుండా.

కలెక్టరు ఆయన మాట నమ్మినట్టు లేదు. దగ్గరికి వచ్చిన చంద్రవ్వ వైపు తిరిగాడు. "నిజం చెప్పవ్వా. మీరు రోజూ వస్తారా ఇక్కడికి?"

పేతురు చంద్రవ్వ మొహం వైపే చూశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆమె నోటికి అలవాటు. ఏడు నెలలుగా ఈ మనిషే మమ్మల్ని రానివ్వలేదని ఆమె అంటే అందులో అబద్ధం ఒక్క అక్షరం ఉండదు. అంత మాట అనే హక్కూ ఆమెకుంది. మూడు పడుగులు తెగాయి.

చంద్రవ్వ గంజి చేతిని చెంగుకు తుడుచుకుంది. పేతురు వైపు ఒకసారి చూసింది.

"మా తాతల కాన్నుంచి వస్తున్నం సారూ," అంది. "నడుమల ఏడు నెలలు గీ పేతురు జర జాగ బాగుచేస్తుండె. గందుకు రాలే."

అవతల కుంచె దువ్వుతున్న సిద్దిరాములు మొదట నవ్వు ఆపుకుందామని చూశాడు. ఆగలేదు. భుజాలు కదిలాయి, తర్వాత గొంతు కదిలింది, పడుగు మీదికి వంగి పగలబడి నవ్వాడు. సంగతి తెలిసినవాళ్ళంతా నవ్వారు. కలెక్టరు ఎందుకో తెలియకపోయినా నవ్వాడు. ఇంత మంది ఉన్న జాగాలో గోదాము కట్టలేమని పర్శరాములుతో అన్నాడు. కలెక్టరు చెప్పకముందే తనూ అదే అనుకున్నానని పర్శరాములు చెప్పాడు.

సిద్దిరాములు నవ్వు తుడుచుకుంటూ తల ఎత్తాడు.

"పేతురూ," అన్నాడు, ఏడు నెలల తర్వాత. "చూసుకుంట నిలబడ్డవేందిరా. గా కొస నువ్వు పట్టుకో, సారుకు చేతులు నొస్తయి."

పేతురు వెళ్ళి రెండు చేతులా తాడు అందుకున్నాడు. గంజి ఇంకా ఆరలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.